లేజర్‌తో ముఖం మీద గుంటలు పోతాయా? కాల్చడం నుంచి తక్కువ కాల్చడం దాకా ఒక కథ

ఎప్పట్లాగే అశ్వారావుపేట నుంచే మాట్లాడుతున్నా. బయట వాన మొదలైంది, కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. అందుకే నేరుగా విషయంలోకి వెళ్లిపోదాం.

పోయిన నెల మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇంకో 20 రోజుల్లో నిశ్చితార్థం. రీల్‌లో చూశా, లేజర్ పెడితే మొటిమల గుంటలు ఒక్క సిట్టింగ్‌లో పోతాయంట. ఖమ్మం వెళ్లి చేయించుకోనా?" అంది. నేను ఠక్కున "వద్దే" అన్నా. "ఎందుకు? నువ్వు చేయించుకున్నావుగా" అంది. అక్కడ దొరికిపోయా. ఎందుకు వద్దో ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేకపోయా. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ అమ్మాయికి నేను బాకీ ఉన్న సమాధానం అనుకోండి. మీలో కూడా చాలామంది అడుగుతున్న ప్రశ్నే ఇది.

అవును, నేను చేయించుకున్నా. నా మొదటి వీడియోలు చూసినవాళ్లకి నా బుగ్గలు గుర్తుండే ఉంటాయి. "అన్నా కంటెంట్ సూపర్, ఫేస్ మాత్రం మన ఊరి రోడ్డు" అని ఒకతను కామెంట్ పెట్టాడు. దానికి 200 లైకులు. నేను కూడా నవ్వే ఎమోజీ పెట్టా. పెట్టాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి. అప్పటికి హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా, చేతిలో కాస్త డబ్బు ఉంది, వెళ్లి చేయించేసుకున్నా. ఏమైందో మధ్యలో చెప్తా. ముందు చరిత్ర తెలియాలి. ఈ యంత్రం ఎలా పుట్టిందో, ఎవరి చర్మం మీద పెరిగిందో తెలిస్తే, మీ చర్మం మీద ఏం చేస్తుందో సగం అర్థమైపోతుంది.

అమ్మవారి గుర్తులు

మా తాతయ్య వాళ్ల అన్నయ్య ముఖమంతా చిన్న చిన్న గుంటలు. చిన్నప్పుడు వేలుపెట్టి "ఇవేంటి తాతా?" అంటే, "అమ్మవారు పోసిందిరా. ప్రాణం వదిలేసి, గుర్తు పెట్టి పోయింది" అనేవాడు. అదే మశూచి. మన వైపు ఊరూరా ముత్యాలమ్మ గుడి ఎందుకుందనుకున్నారు? ఒంటి మీద లేచే ఆ పొక్కులే ముత్యాలు. మన దేశంలో ఆఖరి మశూచి కేసు 1975లో. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భూమి మీద ఈ జబ్బు ఇక లేదు అని ప్రకటించింది.

జబ్బు పోయింది కానీ ఆ తరం ముఖాల మీద గుంటలు ఉండిపోయాయి. గమనించండి, ఆ తాతకి అది సిగ్గుపడే విషయం కాదు. బతికి బయటపడ్డానని చెప్పే గుర్తు. మన తరానికి మశూచి లేదు, మొటిమలున్నాయి, ఫ్రంట్ కెమెరా ఉంది. గుంట అదే, బాధ మాత్రం మారింది.

గుంట అంటే అసలేంటి? మన చర్మంలో పైపొర ఉంటుంది, దాని కింద మందంగా ఇంకో పొర ఉంటుంది. ఆ లోపొరలో కొలాజెన్ అనే నారల్లాంటి పదార్థం చర్మాన్ని నిండుగా నిలబెడుతుంది. పొక్కో మొటిమో లోతుగా పుండై ఆ నారలు దెబ్బతింటే, మానేటప్పుడు అక్కడ చర్మం కిందికి గుంజుకుపోతుంది. అదే గుంట. పైన ఏ క్రీమ్ రాసినా గుంట పూడదు, ఎందుకంటే లోటు లోపల ఉంది. పూడాలంటే లోపల కొత్త నారలు పుట్టాలి. కొత్త నారలు పుట్టాలంటే శరీరానికి "ఇక్కడ గాయమైంది, బాగుచెయ్యి" అని సిగ్నల్ వెళ్లాలి. అంటే కావాలని, లెక్కగా, మళ్లీ గాయం చెయ్యాలి. లేజర్ రీసర్ఫేసింగ్ మొత్తం ఈ ఒక్క ఐడియా మీదే నడుస్తుంది. మిగతాదంతా ఎంత గాయం, ఎలా గాయం అన్న గొడవే.

గీకిన రోజులు

లేజర్ రాకముందు గీకేవాళ్లు. నిజంగానే. 1905లో జర్మనీలో ఎర్న్‌స్ట్ క్రోమయర్ అనే చర్మవైద్యుడు, గిర్రున తిరిగే పనిముట్టుతో చర్మం పైభాగాన్ని అరగదీసే పద్ధతి చెప్పాడు. 1947లో అమెరికాలో ఐవర్సన్ అనే డాక్టర్, ప్రమాదాల్లో ముఖంలోకి దిగబడిపోయిన మురికి మచ్చల్ని తీయడానికి ఉప్పు కాగితం వాడాడు. మన కార్పెంటర్ తలుపుకి రుద్దుతాడు చూడండి, ఆ రకం కాగితమే. 1953లో న్యూయార్క్‌లో ఆబ్నర్ కర్టిన్ మోటారుతో తిరిగే తీగల బ్రష్ తెచ్చాడు.

వీటితో కొందరికి నిజంగానే బాగయ్యేది. కానీ ఎంత లోతు గీకాలన్నది డాక్టర్ చేతివాటం మీదే ఆధారం. కొంచెం ఎక్కువ గీకితే పాత మచ్చ పోయి కొత్త మచ్చ వస్తుంది. రక్తం కారుతుంటే లోతు కనపడదు. లోతుని కొలిచి కొట్టే పనిముట్టు ఒకటి కావాలి, అది అప్పటికి లేదు.

ఎర్ర వెలుగు

1917లో ఐన్‌స్టీన్ ఒక పేపర్ రాశాడు. శక్తి నింపుకుని ఉన్న అణువుని సరైన వెలుగు తాకితే, అది అచ్చం అలాంటి వెలుగునే ఇంకొకటి వదులుతుందని. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అది కాగితం మీద నిజమై, యంత్రంగా మారడానికి 43 ఏళ్లు పట్టింది. 1960 మే 16న కాలిఫోర్నియాలోని హ్యూస్ ల్యాబ్‌లో థియోడర్ మైమన్ ఒక కెంపు కడ్డీ చుట్టూ ఫ్లాష్ ల్యాంప్ చుట్టి వెలిగించాడు. ఎర్రటి లేజర్ వచ్చింది. ఒక ఫేమస్ జర్నల్ ఆయన పేపర్‌ని తిరగ్గొట్టింది, తర్వాత నేచర్‌లో వచ్చింది. అప్పట్లో లేజర్‌ని "సమస్య కోసం వెతుక్కుంటున్న పరిష్కారం" అని ఆటపట్టించేవాళ్లు. మా సాఫ్ట్‌వేర్ ఫీల్డ్‌లో ఇలాంటివి రోజుకొకటి చూస్తాం.

ఆ సమస్యని వెతికి పట్టుకున్నవాళ్లలో ఒకాయన చర్మ డాక్టర్. అమెరికాలో సిన్సినాటి యూనివర్సిటీలో లియోన్ గోల్డ్‌మన్. 1960ల మొదట్లోనే లేజర్‌ని మనిషి చర్మం మీద పరీక్షించడం మొదలుపెట్టాడు. పచ్చబొట్ల మీద కూడా ప్రయత్నించాడు. లేజర్ వైద్యానికి తండ్రి అని ఆయన్నే అంటారు. ఆయన పనిలో ఒక విషయం బయటపడింది. ఆ ఎర్ర వెలుగు నల్లగా ఉన్నదాన్ని ఎక్కువ పట్టుకుంటుంది. మే నెల ఎండలో తెల్ల చొక్కా కంటే నల్ల చొక్కా ఎందుకు కాలుతుందో, అదే లెక్క. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మనకి దీనితో పనుంది.

బారామతి ఇంజనీరు

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. ఇవాళ మీరు ఏ క్లినిక్‌కి వెళ్లినా గుంటలకి ఎక్కువగా చెప్పేది "సీఓటూ లేజర్". అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో నడిచేది. అది కనిపెట్టింది ఎవరు? చంద్రకుమార్ పటేల్. పుట్టింది 1938లో, మహారాష్ట్రలోని బారామతిలో. పుణె ఇంజనీరింగ్ కాలేజీలో బీఈ చదివి, స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. 1964లో ఈ లేజర్ చేశాడు. అప్పటికి ఆయన వయసు పాతిక దాటి ఒకట్రెండేళ్లు. మనమంతా ఆ వయసులో నోటీస్ పీరియడ్ లెక్కలు వేసుకుంటుంటాం.

దీని వెలుగు కంటికి కనపడదు. తరంగం పొడవు 10,600 నానోమీటర్లు. ఈ తరంగాన్ని నీళ్లు గబుక్కున పీల్చేసుకుంటాయి. మన చర్మంలో ఎక్కువ భాగం నీళ్లే. అంటే ఈ లేజర్ తగలగానే కణాల్లోని నీళ్లు మరిగి ఆవిరైపోతాయి, ఆ పొర లేచిపోతుంది. రక్తనాళాలు కూడా వేడికి మూసుకుపోతాయి కాబట్టి రక్తం పెద్దగా కారదు. గీకే పద్ధతిలో ఉన్న ఆ ఇబ్బంది తీరిపోయింది.

కానీ కొత్త ఇబ్బంది వచ్చింది. మొదటి యంత్రాల్లో వెలుగు ఆగకుండా వచ్చేది. పొర లేచిపోయాక కూడా వేడి పక్కలకి, లోపలికి పాకేది. పాకితే అది కాలిన గాయమే.

దీనికి విరుగుడు లెక్క 1983లో వచ్చింది. హార్వర్డ్‌లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ కలిసి సైన్స్ పత్రికలో రాశారు. దాని సారాంశం ఇది: తగలాల్సినదానికే తగిలే రంగు వెలుగు ఎంచుకో, వేడి పక్కకి పాకేలోపే ఆపెయ్. మా అమ్మ ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదో చూడటానికి వేలు తడి చేసి, చటుక్కున తాకి తీసేస్తుంది. చుయ్‌మని తడి ఆవిరవుతుంది, వేలు కాలదు. అదే వేలు రెండు సెకన్లు ఉంచితే బొబ్బ. చర్మంలో ఆ 'చటుక్కున' అంటే సుమారు సెకనులో వెయ్యో వంతు.

1990లలో ఈ లెక్కతో, అంత తక్కువ టైమ్‌లో కొట్టి ఆపేసే సీఓటూ లేజర్లు వచ్చాయి. అమెరికాలో పెద్ద హడావుడి. ముడతలు, గుంటలు బాగా తగ్గాయి. అయితే ముఖం పైపొర మొత్తం ఒకేసారి తీసేసేవాళ్లు. రెండు వారాల పాటు పచ్చిపుండు, రసి. ఎర్రదనం నెలల తరబడి. కొందరికి కొన్ని నెలలయ్యాక ఆ భాగం తెల్లగా పాలిపోయి, అలాగే ఉండిపోయేది. కాస్త రంగున్న చర్మం వాళ్లకి దీని రివర్స్, నల్లబడటం. ఎర్బియం యాగ్ అనే ఇంకో లేజర్ వచ్చింది, 2,940 నానోమీటర్లది. దాన్ని నీళ్లు ఇంకా ఎక్కువ పీల్చుకుంటాయి కాబట్టి వేడి తక్కువ పాకుతుంది. అయినా మొత్తం ముఖం ఒలిచేయడం అన్న మూల సమస్య అలాగే ఉంది.

పోడు లెక్క

2004లో మళ్లీ ఆ రాక్స్ ఆండర్సన్ టీమే, డీటర్ మాన్‌స్టైన్ ముందుండి, ఒక కొత్త ఐడియా ప్రచురించింది. పేరు ఫ్రాక్షనల్. మనం అడవి అంచున ఉన్నాం కాబట్టి ఇది మనకి తేలిగ్గా అర్థమవుతుంది. కొండ మీద అడవి మొత్తం నరికి తగలబెడితే ఆ కొండ మళ్లీ పచ్చబడటానికి ఏళ్లు పడుతుంది. అదే అక్కడో ముక్క అక్కడో ముక్క పోడు కొట్టి వదిలేస్తే, చుట్టూ ఉన్న చెట్ల నుంచి విత్తనాలు రాలి, ఆ ముక్కలు త్వరగా పూడిపోతాయి.

ఫ్రాక్షనల్ లేజర్ అదే చేస్తుంది. ముఖమంతా ఒలవదు. కంటికి కనపడనంత సన్నటి చుక్కలు చుక్కలుగా కొడుతుంది. ప్రతి చుక్క చుట్టూ బాగున్న చర్మం మిగులుతుంది, దాని కణాలు వచ్చి గాయాన్ని రోజుల్లోనే పూడుస్తాయి. మొదట పైపొర లేపకుండా లోపల మాత్రమే వేడి చేసే రకం వచ్చింది. తర్వాత కొన్నేళ్లకి సీఓటూ లేజర్‌ని కూడా ఇలా చుక్కలుగా కొట్టడం మొదలైంది. ఇవాళ మన ఊళ్ల వైపు క్లినిక్‌లలో ఉన్నది ఎక్కువగా ఈ ఫ్రాక్షనల్ సీఓటూనే.

చూశారా, 1905 నుంచి 2004 దాకా వందేళ్ల కథ ఏం చెప్తోంది? గాయం చెయ్యడం మొదటి రోజే తెలుసు. వందేళ్లు పట్టింది తక్కువ గాయం చెయ్యడం నేర్చుకోవడానికి. అందుకే "మా మెషీన్ చాలా పవర్‌ఫుల్ సార్" అని ఎవరైనా అంటే ఎగిరి గంతెయ్యకండి. పవర్ 1990లలోనే ఉంది.

మన రంగు సంగతి

ఇప్పుడు అసలు పాయింట్. చర్మాన్ని ఒకటి నుంచి ఆరు రకాలుగా చెప్పే ఒక స్కేల్ ఉంది, ఫిట్జ్‌ప్యాట్రిక్ స్కేల్. 1975లో హార్వర్డ్‌లో థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ మొదలుపెట్టాడు. ఎండలో మీ చర్మం కమిలిపోతుందా, నల్లబడుతుందా అన్నదాన్ని బట్టి నంబర్. మొదట్లో అది తెల్లవాళ్ల కోసమే, నాలుగు రకాలే. గోధుమరంగు, నల్లరంగు చర్మాలకి ఐదు, ఆరు తర్వాత చేర్చారు. మన తెలుగువాళ్లు ఎక్కువమంది నాలుగు, ఐదులో ఉంటాం. అంటే స్కేల్ మొదలైనప్పుడు మనలో చాలామందికి అందులో చోటే లేదు. ఒకటి, రెండు నంబర్ల మీద తీసిన ఫోటోలు చూసి నాలుగు, ఐదు నంబర్ల వాళ్లం ఆశపడుతున్నాం.

మన చర్మానికి ఒక గుణం ఉంది. చిన్న దెబ్బ తగిలినా రంగు తయారుచేసే కణాలు కంగారుపడి రంగు ఎక్కువ పోస్తాయి. దోమ కుట్టిన చోట నల్ల మచ్చ నెల రోజులు ఉంటుంది కదా, మొటిమ పోయినా నలుపు ఉంటుంది కదా, అదే. లేజర్ కూడా దెబ్బే. సీఓటూ లేజర్ నేరుగా రంగుని పట్టుకోదు, నీళ్లనే పట్టుకుంటుంది. అయినా ఆ వేడికి, ఆ వాపుకి రంగు కణాలు రెచ్చిపోతాయి. ఆ టైమ్‌లో ఎండ తగిలితే ఇక చెప్పక్కర్లేదు.

నాకు జరిగింది ఇదే. మార్చిలో చేయించుకున్నా. "మూడు రోజుల్లో ఆఫీసుకి వెళ్లిపోవచ్చు" అన్నారు. నిజమే, వెళ్లా. ఎండ గురించి ఒక చీటీ మీద "సన్‌స్క్రీన్" అని ఒక్క మాట రాసి ఇచ్చారు, అంతే. పొట్టంతా రాలిపోయింది, ముఖం నున్నగా ఉంది, హ్యాపీ. ఉగాదికి ఇంటికొచ్చా. నాన్నతో కలిసి పామాయిల్ తోటకి వెళ్లా, గెలలు ట్రాక్టర్‌కి ఎక్కించా, సాయంత్రం దాకా బైక్ మీద తిరిగా. టోపీ లేదు, ఏమీ లేదు. నాలుగో వారానికి రెండు బుగ్గల మీద మ్యాప్ గీసినట్టు గోధుమరంగు పట్టీలు. అమ్మ చూసి "ఇంతకుముందే నయం కదరా" అంది. అది మామూలు రంగుకి రావడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ నా వీడియోల్లో లైటు ఎందుకంత ఎక్కువ పెట్టానో ఇప్పుడు మీకు తెలిసింది.

తర్వాత వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లా. ఆమె నా చర్మం చూసి, ముందు చెవి దగ్గర చిన్న టెస్ట్ ప్యాచ్ కొట్టి, కొన్ని వారాలు ఆగమన్నారు. చలికాలంలో, తక్కువ సెట్టింగ్‌తో, విడతలు విడతలుగా చేశారు. మన దేశంలో చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ 2008లోనే సీఓటూ లేజర్ ఎలా వాడాలో మార్గదర్శకాలు రాసింది. అంటే మన చర్మానికి ఎలా చెయ్యాలో తెలిసినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. మనం వాళ్ల దగ్గరికి వెళ్తున్నామా, రీల్ దగ్గరికి వెళ్తున్నామా అన్నదే తేడా.

రోజు రోజుకీ ఏమవుతుంది

సరే, ఫ్రాక్షనల్ సీఓటూ చేయించుకుంటే మామూలుగా ఎలా ఉంటుందో వరసగా చెప్తా. లోతుని బట్టి, మనిషిని బట్టి మారుతుంది.

ముందు మత్తు క్రీమ్ రాసి ముప్పావు గంట, గంట కూర్చోబెడతారు. కళ్లకి కవచం పెడతారు, అది లేకుండా మొదలుపెడితే లేచి వచ్చెయ్యండి. కొట్టేటప్పుడు వేడి సూదులతో చిటుకు చిటుకుమని పొడిచినట్టు ఉంటుంది. వెంట్రుక కాలిన వాసన వస్తుంది, భయపడొద్దు.

మొదటి రోజు ముఖం ఎర్రగా, ఎండకి కమిలినట్టు మంట. కొన్ని గంటల్లో మంట తగ్గుతుంది. రెండు, మూడో రోజు వాపు, ముఖ్యంగా కళ్ల కింద. పొద్దున లేచి అద్దం చూస్తే మనమేనా అనిపిస్తుంది. తల కింద రెండు దిండ్లు పెట్టుకుంటే కాస్త నయం. మూడు నుంచి ఐదో రోజు ముఖమంతా సన్నటి గోధుమ చుక్కలు, చెయ్యి పెడితే ఉప్పు కాగితంలా గరుకు. ఐదు నుంచి పది రోజుల్లో ఆ పొట్టు దానంతటదే రాలిపోతుంది. గిల్లకండి, గీరకండి, స్క్రబ్ అసలు వద్దు. గిల్లిన ప్రతి చోటా మచ్చకి మీరే విత్తనం వేస్తున్నట్టు. గోరువెచ్చని నీళ్లతో మెల్లగా కడిగి, డాక్టర్ చెప్పిన ఆయింట్‌మెంట్ లేదా పెట్రోలియం జెల్లీ పలచగా రాయడమే పని. పసుపు, నిమ్మరసం, కలబంద, టూత్‌పేస్ట్ లాంటి ప్రయోగాలు వద్దు. మేకప్, షేవింగ్ పొట్టు మొత్తం పోయాకే.

తర్వాత కొన్ని వారాలు గులాబీ రంగు ఉంటుంది, మన రంగులో అది కాస్త ముదురుగా కనిపిస్తుంది. మూడు నుంచి ఆరు వారాల మధ్య అసలు పరీక్ష. నల్లబడేది ఉంటే మామూలుగా అప్పుడే బయటపడుతుంది. అంటే మీరు "అంతా అయిపోయింది" అనుకుని సన్‌స్క్రీన్ మానేసే టైమ్‌కి అన్నమాట. వస్తే కంగారుపడి మెడికల్ షాపులో ఏదో ట్యూబ్ కొని రాయకండి. చాలావరకు నెలల్లో తగ్గుతుంది, డాక్టర్ క్రీములు ఇస్తారు. మెడికల్ షాపు ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట్లో తెల్లగా మెరిపిస్తాయి, తర్వాత ముఖాన్ని పల్చగా, ఎర్రగా, మొటిమలతో పాడుచేస్తాయి.

రెండు, మూడు రోజుల తర్వాత నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, చీము, పసుపు పక్కు, గుంపుగా నీటి పొక్కులు, జ్వరం, వీటిలో ఏది కనపడినా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో చేయించుకుని ఇక్కడికి వచ్చేసేవాళ్లం మనం. అందుకే చేయించుకునే ముందే అడగండి, ఇలా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఫోటో పంపితే చూస్తారా అని.

ఇక ఫలితం. లోపల కొత్త నారలు పుట్టడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఒక్క సిట్టింగ్ చాలదు, మామూలుగా కొన్ని వారాల గ్యాప్‌తో మూడు నాలుగు. అప్పటికీ గుంటలు తగ్గుతాయి, పూర్తిగా పోవు. నా బుగ్గలు ఇప్పుడు ఎదురుగా చూస్తే బాగున్నాయి, పక్క లైటులో చూస్తే ఇంకా తెలుస్తాయి. సూదితో పొడిచినట్టుండే లోతు గుంటలకి లేజర్ కంటే వేరే పద్ధతులు మేలు, ఆ గుంటలో మాత్రమే యాసిడ్ చుక్క పెట్టడం లాంటివి. ఇక మొటిమ మిగిల్చిన నలుపు మాత్రమే ఉండి, గుంట లేకపోతే, మీకు రీసర్ఫేసింగ్ అక్కర్లేదు. అది క్రీములతో, ఎండ జాగ్రత్తతో, టైమ్‌తో పోతుంది.

లేజర్ కంటే ముందు

మా చెల్లి ఫోటో పంపింది, చూస్తే ఇంకా కొత్త మొటిమలు లేస్తున్నాయి. మొటిమలు ఆగకుండా గుంటలకి లేజర్ కొట్టడమంటే పైకప్పు కారుతుండగా గోడకి సున్నం వేసినట్టు. ముందు మొటిమలు ఆగాలి.

దానికి డాక్టర్లు తరచూ రాసే మాత్రల్లో డాక్సీసైక్లిన్ ఒకటి. అది టెట్రాసైక్లిన్ కుటుంబం మందు. ఆ కుటుంబంలో మొదటిది, ఆరియోమైసిన్, 1948లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో వచ్చింది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్. ఆ ల్యాబ్ పరిశోధనలన్నిటికీ పెద్దదిక్కు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో పుట్టినాయన. అదే ఏడాది ఆయన కన్నుమూశారు. మీ బీరువాలో ఉన్న మొటిమల మాత్ర వెనకాల ఒక తెలుగాయన ఉన్నారని చాలామందికి తెలీదు. ఇంకో మాట, డాక్సీసైక్లిన్ వేసుకునేటప్పుడు చర్మం ఎండకి త్వరగా కమిలిపోతుంది. కాబట్టి అది కూడా చీటీతోనే.

లేజర్‌కి వెళ్లేటప్పుడు డాక్టర్‌కి ఇవన్నీ చెప్పండి: ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నారా, ఈ మధ్య మానేశారా. పెదవి మీద ఎప్పుడైనా జ్వరపు పొక్కులు వచ్చాయా, ఎందుకంటే లేజర్ తర్వాత అవి ముఖమంతా లేవచ్చు, ముందే మందు ఇస్తారు. దెబ్బ తగిలిన చోట చర్మం ఉబ్బెత్తుగా గట్టిపడే గుణం ఉందా. ఇంట్లో ఎవరికైనా బొల్లి ఉందా. గర్భవతా. ఈ నెలలో బాగా ఎండలో తిరిగారా. మంగు ఉంటే ఇంకా జాగ్రత్త, వేడికి మంగు పెరగొచ్చు.

మీరు అడగాల్సినవి మూడు. చేసేది చర్మవ్యాధుల్లో పీజీ చేసిన డాక్టరేనా? నాలాంటి రంగు వాళ్లకి ఎంతమందికి చేశారు, ఆరు నెలల తర్వాత ఫోటోలు ఉన్నాయా? ముందు టెస్ట్ ప్యాచ్ కొడతారా? మూడో ప్రశ్నకి "అక్కర్లేదు" అని నవ్వితే, నమస్కారం పెట్టి బయటికి వచ్చెయ్యండి.

ఎండలో పనిచేసేవాళ్లు, తోటలకి, పొలాలకి, డెలివరీకి వెళ్లేవాళ్లు, ఇది వినండి. నెల, నెలన్నర నీడపట్టున ఉండే వీలు లేకపోతే ఇప్పుడు చేయించుకోవద్దు. చలికాలం దాకా ఆగండి. చర్మం మానాక ఎస్‌పీఎఫ్ 30 కి తగ్గని సన్‌స్క్రీన్, బయట ఉంటే రెండు గంటలకోసారి. దానికి మించి వెడల్పు అంచు టోపీ, తువ్వాలు. మన తాతలు పొలానికి తలపాగా లేకుండా వెళ్లారా చెప్పండి?

ఇప్పుడు మా చెల్లి లెక్క చూడండి. 20 రోజుల్లో నిశ్చితార్థం. పదో రోజు దాకా పొట్టు, ఇరవయ్యో రోజుకి గులాబీ రంగు, ఆ తర్వాత వారం పది రోజుల్లో నలుపు వచ్చే ఛాన్స్. ఫోటోల్లో ఏం పడుతుందో మీరే చెప్పండి. అందుకే వద్దన్నా. ఈ లెక్కంతా మెసేజ్‌లో పంపిస్తే రెండు రోజులు రిప్లై లేదు. మూడో రోజు, "డాక్టర్‌కి చూపించుకున్నా, మొటిమలకి మందు ఇచ్చారు, లేజర్ సంగతి డిసెంబర్‌లో చూద్దామన్నారు" అని పెట్టింది. నిశ్చితార్థానికి నేను వెళ్లా. ఫోటోలు మామూలు వెలుతురులోనే తీశారు. బాగానే ఉంది మా చెల్లి. ఫోటోలు చూసి తనే అంది, "గుంటలు నేను వెతుకుతుంటే తప్ప కనపడట్లేదు అన్నయ్యా" అని.

చేయించుకోండి, వద్దు అని నేను చెప్పను. అది మీ ముఖం, మీ డబ్బు. నాకైతే మేలే జరిగింది, కానీ రెండోసారికి. మొదటిసారి కాల్చింది లేజర్ అనుకున్నా, ఇప్పుడు ఆలోచిస్తే సగం కాల్చింది నా తొందర. యంత్రం పని అరగంట. మిగతా ఆరు నెలల పని మనదే.

మీ అనుభవాలు కింద రాయండి. ముఖ్యంగా బాగా జరగనివి రాయండి, అవే పక్కవాడికి పనికొస్తాయి. ఇంకెవరి ముఖం మీదా రోడ్డు జోకులు మాత్రం వద్దు తమ్ముళ్లూ. ఎపిసోడ్ నచ్చితే పెళ్లి దగ్గర పడుతున్న మీ అక్కకో, ఫ్రెండ్‌కో పంపండి. మళ్లీ వారం కలుద్దాం. ఉంటానండీ.